రాజలింగు పునాదికి నూటెనిమిది చెంబులు

"ఇల్లు కడ్తున్నవా, బాయి తవ్వుతున్నవా?"

గుంత ఒడ్డున గొడుగు కింద నిలబడి బాపురావు పటేలు అడిగిన మాట ఇది. 1936 వైశాఖం. బోధన్‌కు చక్కెర ఫ్యాక్టరీ వస్తుందన్న వార్త పుట్టగానే చెరుకు భూములున్న వాళ్లందరికీ పెద్ద ఇళ్లు కట్టుకోవాలన్న కోరిక పుట్టింది. బాపురావుకు కాస్త ముందే పుట్టింది. గుంతలో ఉన్నవాడు పునాది మేస్త్రి రాజలింగు. అప్పటికి నాలుగడుగులు దిగాడు. మొరం, అంటే అడుగునున్న గట్టి గులకనేల, తగలాలంటే ఇంకో మూడడుగులు దిగాలన్నాడు.

రాజలింగుది రుద్రూర్ వైపు. అక్షరం ముక్క రాదు. మట్టి మాత్రం వచ్చు. ఏ జాగాకు పోయినా గుప్పెడు మట్టి తడిపి అరచేతుల మధ్య తాడులా పేనేవాడు. ఆ తాడును ఉంగరంలా వంచితే విరిగిందా, మంచి నేల. విరగకుండా వంగిందా, అది నల్లరేగడి, ఇంటిని మింగే నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వేసవిలో దాని నెర్రెల్లో పడి మేకల కాళ్లు విరుగుతాయి. అలాంటి నేల మీద గోడ నిలవాలంటే రేగడిని దాటి మొరం మీద రాయి పెట్టాలి. ఇందులో శాస్త్రం ఉంది గాని మంత్రం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పురోహితుడు పంచాంగం తిప్పి, ఎల్లుండి నుంచి మూఢం, రేపు మధ్యాహ్నంలోగా రాయి పడాల్సిందే అన్నాడు. మూడడుగుల రేగడి ఒక్క పూటలో తవ్వలేమని రాజలింగు చెప్పుకున్నాడు. గ్రహాలు కూలివాళ్ల కోసం ఆగవని పురోహితుడు నవ్వాడు. మూడడుగుల కూలి మిగిలిందని బాపురావు లోలోపల సంతోషించాడు. భక్తికి, పిసినారితనానికి మన దేశంలో ఇంత చక్కగా పొత్తు ఎలా కుదురుతుందో ఎవరైనా పరిశోధించాలి.

రాజలింగు ఎదురు తిరగలేకపోవడానికి కారణం ఉంది. రేగడి ఊళ్లలో పునాది పనికి ఒక కట్టుబాటు నడిచేది. మొత్తం కూలిలో రెండు వంతులు పని జరుగుతుండగా ఇస్తారు. మూడో వంతు, గోడ ఒక వానకాలం, ఒక ఎండకాలం పగలకుండా నిలిచాక ఇస్తారు. బాపురావు ఇంటి పనిలో ఆ మూడో వంతు నలభై హాలీ రూపాయలు, అంటే నిజాం సర్కారు రూపాయలు. అందులో సగం, తన కింద తవ్విన ఎనిమిది మంది కూలీలకు రాజలింగు బాకీ. పని మధ్యలో వదిలిపోతే ఆ నలభై పోతాయి. అందుకే నాలుగడుగుల మీదే రాయి వేశాడు. లోతు దక్కలేదు గనుక పైనుంచైనా కాపాడదామని గోడల చుట్టూ రెండు గజాల వెడల్పున మొరం పోసి, దిమ్మిసతో కొట్టి, బయటికి వాలు పెట్టాడు.

"గోడ పక్కపొంటి సుక్క నీళ్లు పడొద్దు పటేలా. ఒక్క దిక్కు తడి, ఒక్క దిక్కు పొడి ఉంటె గోడ పలుగుతది" అని మరీ మరీ చెప్పాడు. బాపురావు తలూపాడు.

ఆ ఏటి వానలకు గోడకు వెంట్రుకంత పగులు రాలేదు. రాజలింగు వారానికోసారి వచ్చి నాలుగు మూలలూ చేత్తో తడిమి చూసుకొని పోయేవాడు. సగం గండం గడిచింది, ఇక ఎండలే మిగిలాయి అనుకున్నాడు.

కార్తీకంలో తులసి పెళ్లి వచ్చింది. బాపురావు తల్లి రాధాబాయి ఈశాన్యం మూలన, సరిగ్గా గోడకు ఆనించి, దిమ్మిస కొట్టిన మొరాన్ని గడ్డపారతో పెళ్లగించి తులసికోట కట్టించింది. రోజూ ఐదు బిందెల నీళ్లు. పండగైతే పాలు, పెరుగు. ఆ మూల ఎప్పుడూ తడే. కుళ్లిన పూలు, పులిసిన పాలు, వాటి మీద ముసిరే ఈగలు. ఆ కంపును ఇంటివాళ్లు పవిత్రం అనేవాళ్లు.

రాజలింగు కోటను జరపమన్నాడు. తన ఖర్చుతోనే వాకిటి నడుమ కొత్తది కట్టిస్తానన్నాడు. తులసిని జరపమనడానికి వాడెవడన్నారు. అయితే నీళ్లైనా బయటికి పోవాలని, పట్టపగలే వచ్చి, కోట చుట్టూ పెంకులు పరిచి చిన్న కాలువ తీశాడు. మర్నాటికి రాధాబాయి దాన్ని మట్టితో పూడ్చేసింది.

"తులసమ్మ నీళ్లు బజార్ల పారితె మంది తొక్కుతరు. ఆ పాపం నీకా, నాకా?"

"పాపం నాకే రాయుండ్రి అవ్వా. గోడ మాత్రం నిలవనియ్యుండ్రి."

"నువ్వు తవ్వెటోనివి. తవ్వుడు అయిపోయింది. పో."

ఫాల్గుణంలో నేలంతా ఎండి కుంగడం మొదలైంది. ఈశాన్యం మూల ఒక్కటే ఉబ్బి ఉంది. గోడ నిలువునా పగిలింది. అప్పటికైనా నీళ్లు ఆపుతారని రాజలింగు పరుగున వచ్చాడు. పురోహితుడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఈశాన్యం పగిలిందంటే తులసమ్మకు కోపం వచ్చిందట. నలభై ఒక్క రోజులు, రోజుకు నూటెనిమిది చెంబుల నీళ్లతో అభిషేకం చేయాలట. చేశారు. ఇంటిల్లిపాదీ వరుసగా నిలబడి, ఒక్కో చెంబూ లెక్కపెట్టుకుంటూ, శ్రద్ధగా, భక్తిగా, తమ ఇంటి పునాదిలో నీళ్లు పోశారు. రాజలింగు వీధి అవతల నిలబడి చూసేవాడు. లోపలికి రానివ్వలేదు.

ముప్పై మూడోనాడు పొద్దున ఆ మూల బయటికి ఒరిగి కూలింది. అందరూ వాకిటి అవతల బావి దగ్గర చెంబులు నింపుతున్నారు గనుక ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోట నుగ్గయింది. ఇంటి మీదికొచ్చిన కీడును తులసమ్మ తన మీద వేసుకుందని పురోహితుడు తేల్చాడు. దక్షిణ తీసుకున్నాడు. మరి అసలు కీడు ఎక్కడి నుంచి వచ్చింది? పునాది తవ్విన చెయ్యి మంచిది కాదని తేలింది.

రాజలింగు మూడో వంతు అడగడానికి పోయాడు. బాపురావు పడిన గోడను చూపించాడు.

"ఒక ఎండకాలం నిలవాలె అన్నది మీ కట్టుబాటేనాయె. నిలిచిందా?"

రాజలింగు ఏం చెప్పినా అక్కడున్న పదిమందీ నవ్వారు. వాళ్లలో మొన్నటిదాకా చెంబులు అందించిన వాళ్లూ ఉన్నారు.

భార్య వెండి కడియాలు అమ్మి ఎనిమిది మంది కూలీల బాకీ తీర్చాడు. బోధన్‌లో అతనికి మళ్లీ ఎవరూ పునాది పని చెప్పలేదు. ఇప్పుడు నిజామాబాద్‌లో రోడ్డు కంకర కొడుతున్నాడు. బాపురావు మరో మేస్త్రితో ఏడడుగులు తవ్వించి మొరం మీద కొత్త గోడ లేపాడు. అది చక్కగా నిలిచింది. పురోహితుడి చలవ అంటారు.

ఇది రాస్తున్నది 1939లో. రాజలింగుకు రావలసిన నలభై హాలీ రూపాయల్లో ఒక్కటి కూడా ఇంకా రాలేదు.