మా పెద్దమ్మ నిద్ర బడి

మా పెద్దమ్మ ఎదురుపడిన మనిషిని బాగున్నారా అని అడగదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగుతుంది. చుట్టమైనా, పక్కింటావిడైనా, గ్యాసు బండ మోసుకొచ్చినవాడైనా, దారి అడగడానికి ఆగిన కొత్త మనిషైనా ఆవిడకు ఒకటే. పట్టిందంటే, "మధ్యలో మెలకువ వచ్చిందా?" అంటుంది. పట్టలేదన్నారా, ఇక ఆ పూటకి వాళ్ళ పని అయినట్టే.

పెద్దమ్మ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసి రిటైరైంది. పెదనాన్న పోయినప్పటినుంచీ నా దగ్గరే ఉంటోంది. కింద నా టైలరింగ్ షాపు, పైన ఇల్లు. షాపుకొచ్చినవాళ్ళకి నేను భుజాల కొలత తీసుకుంటుంటే, ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని వాళ్ళ కళ్ళకింద నలుపు చూస్తూ ఉంటుంది.

"నీ దిండు ఎంత ఎత్తుంటుంది?"

"నేను ప్యాంటు కుట్టించుకుందామని వచ్చానండీ."

"ప్యాంటుకేం తొందర? అది ఎక్కడికీ పోదు. ముందు దిండు సంగతి చెప్పు."

ఒకసారి స్కూటర్ మీద వెళ్తూ నేను ఎర్రలైటు చూసుకోకుండా దూసుకుపోయాను. ట్రాఫిక్ పోలీసు ఆపాడు. నేను నీళ్ళు నములుతుంటే, వెనక సీట్లోంచి పెద్దమ్మ వంగి అతని మొహంలోకి చూసింది.

"రాత్రి డ్యూటీలు కూడా పడుతున్నాయా నాయనా?"

"మీకెలా తెలుసమ్మా?"

"కళ్ళు చెప్తున్నాయిగా. పగలు పడుకుంటే నిద్ర పట్టడం లేదు కదూ?"

అంతే. ఆ మనిషి చేతిలోని రసీదు పుస్తకం మడిచి జేబులో పెట్టేసి, పగలు పడుకుందామంటే పక్కవాటాలో గోడలకి డ్రిల్లు పెడుతున్నారని మొదలుపెట్టాడు. కిటికీకి మందపాటి గుడ్డ కట్టుకోమనీ, డ్యూటీ దిగి పొద్దున ఇంటికి వెళ్ళేటప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎండ కంట్లో పడకుండా చూసుకోమనీ ఆవిడ నడిరోడ్డు మీద పాఠం చెప్పింది. మా వెనక బళ్ళన్నీ హారన్లు మోగిస్తున్నాయి. చివరికి అతనే చెయ్యెత్తి నాలుగువైపులా బళ్ళాపి మమ్మల్ని సాగనంపాడు. సిగ్నల్ దాటిన సంగతి అతనూ మరిచిపోయాడు, మేమూ గుర్తు చెయ్యలేదు.

ఇలా ఒక్కొక్కరినీ పట్టుకోవడం చాలక పెద్దమ్మ లైబ్రరీవాళ్ళ వెంటపడి పఠన మందిరం అడిగి తీసుకుంది. శనివారం మధ్యాహ్నాలు అక్కడ నిద్ర క్లాసు. ఫీజు లేదు. రోజూ ఒకే వేళకి లేవండి, ఫోను పక్కగదిలో పెట్టండి, నాలుగు దాటాక కాఫీ ముట్టకండి, నిద్ర రాకపోతే మంచంతో కుస్తీ పట్టకుండా లేచి కాసేపు తిరగండి... ఇవీ పాఠాలు. మొదట్లో ఆవిడ పోరు పడలేక వచ్చారు, తర్వాత ఒకరి గొడవ ఒకరు వినడానికి వచ్చారు.

"నాకసలు నిద్రే పట్టదమ్మా," అనేవారు రిటైరైన హెడ్మాస్టరుగారు.

"పొద్దు వాలేదాకా పడుకుంటే రాత్రెలా పడుతుంది?" అనేది ఆయన భార్య.

"అది నిద్ర కాదే. నడుం వాల్చడం."

"అంత గురకతో వాల్చే నడుం నేనెక్కడా చూళ్ళేదు."

ఇంతవరకూ ఊరు భరించింది. ఒకరోజు పెద్దమ్మ నా షాపులోంచి కొలతల టేపు తీసుకెళ్ళింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

ఊళ్ళో కనిపించిన ప్రతి మెడా కొలవసాగింది. మెడ లావుగా ఉండి, గురకపెట్టి, పగలు కునికిపాట్లు పడేవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందట. అది వాళ్ళకి తెలియను కూడా తెలియదట. బ్యాంకు మేనేజరు సంతకం పెడుతుంటే మెడకు టేపు చుట్టింది. బేకరీ ఆయన పిండి చేతులతో నిలబడిపోయాడు, పాపం, వదిలించుకుందామంటే చేతులు ఖాళీ లేవు. జనం ఆవిణ్ణి చూసి కాలరు బొత్తాలు పెట్టుకోవడం మొదలెట్టారు.

"మీ పెద్దమ్మకి కొంచెం చెప్పకూడదా?" అని అందరూ నన్నే అడిగేవాళ్ళు. చెప్తే వినే మనిషైతే కదా!

ఆ ఊపులోనే బస్సు డిపో మీద పడింది. నా టేపు నాకు తిరిగొస్తుందేమోనని ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను.

"డ్రైవర్లకి నిద్ర పాఠమేమిటమ్మా? వాళ్ళకి కావలసింది మెలకువ," అన్నాడు డిపో మేనేజరు.

"మెలకువ నిద్రలోంచే వస్తుంది బాబూ. నీకెప్పుడైనా వేరే చోటినుంచి వచ్చిందా?" అంటూనే అతని మెడ కూడా కొలిచేసింది.

క్లాసుకి ఒప్పించింది. అక్కడితో ఊరుకోలేదు.

"కుర్చీలు వెయ్యడానికీ తియ్యడానికీ నాకో మనిషి కావాలి."

"అటెండరుని పంపిస్తాను."

"వద్దు. లావుపాటి డ్రైవరొకడున్నాడే, కడుపునొప్పని సెలవు పెట్టాడు. అతన్నివ్వు."

"ఒంట్లో బాగాలేనివాడు కుర్చీలెలా మోస్తాడమ్మా?"

"కడుపునొప్పికి కుర్చీలు మొయ్యడం మంచిది. నర్సుని, నాకు తెలీదా?"

మేనేజరు కుదరదన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. అతను తన పని తను చేసుకోవాలంటే డ్రైవర్ని ఇవ్వడం తప్ప దారి లేదని తెలుసుకున్నాడు.

బస్సు నడపాల్సిన ఆ భారీ మనిషి డిపోలోనూ లైబ్రరీలోనూ తలొంచుకుని కుర్చీలు మోస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. "ఎందుకతన్ని ఏడిపిస్తావు పెద్దమ్మా?" అన్నాను.

"మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మొయ్యనీ," అంది.

ఆవిడ డాక్టరునీ వదల్లేదు. టేపుకి చిక్కిన లావు మెడలన్నిటికీ పరీక్ష చెయ్యమని ఆస్పత్రిలో బైఠాయించింది. హెడ్మాస్టరుగారు, బ్యాంకు మేనేజరు, బేకరీ ఆయన, డిపో మేనేజరు, కుర్చీల డ్రైవరు, అందరూ విహారయాత్రకి వెళ్తున్నట్టు దిళ్ళు చంకన పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, ఒంటినిండా వైర్లు తగిలించుకుని పడుకుని వచ్చారు. హెడ్మాస్టరుగారు అక్కడ కన్ను మూతపడలేదన్నారు. ఆయన గురకకి తమకే కన్ను మూతపడలేదని మిగతావాళ్ళన్నారు. తీరా చూస్తే, రాత్రిళ్ళు మాస్కుతో గాలి పంపే యంత్రం అవసరమైంది ఇద్దరికి. ఒకరు డ్రైవరు, రెండోవారు డిపో మేనేజరు. అప్పటినుంచీ వాళ్ళిద్దరూ కనబడితే మాస్కు ముక్కు మీద ఎక్కడ ఒరుసుకుంటోందో అన్నదమ్ముల్లా మాట్లాడుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకి డ్రైవరు భార్య కర్టెన్ గుడ్డతో నా షాపుకొచ్చింది. డాక్టరు సరేనన్నాక ఆయన మళ్ళీ బస్సెక్కాడని చెప్పింది.

"పోనీలెండి. ఇన్నాళ్ళూ మా పెద్దమ్మ కుర్చీలు మోయించింది, ఏమీ అనుకోకండి," అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "అయితే మీకు తెలియదా అక్కా?"

టేపు గొడవ మొదలవకముందు ఒకరోజు పొద్దున మార్కెట్టు దగ్గర పచ్చలైటు వెలిగినా బస్సు కదల్లేదట. డ్రైవరు వెనక సీట్లో ఉన్న పెద్దమ్మ ముందుకి వంగి చూసింది. తల వాలిపోయి ఉంది. భుజం తట్టి లేపి, అక్కణ్ణించి ఆఖరి స్టాపుదాకా అతని పక్కనే నిలబడి గలగలా మాట్లాడుతూనే ఉంది. జనమంతా దిగాక అతను ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"నిద్రపోయే డ్రైవరని పేరొస్తే నాకెవరూ బస్సివ్వరమ్మా. డిపోలో చెప్పకండి."

"చెప్పను. కానీ ఇప్పుడే కడుపునొప్పని సెలవు పెట్టు. నీ జబ్బేమిటో తేలేదాకా స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు."

"ఎన్నాళ్ళని పెడతాను? ఎందుకని అడుగుతారు కదమ్మా."

"నిన్నెవరూ అడగరు. అందరూ నన్ను తిట్టుకుంటూ ఉంటారు. ఆ ఏర్పాటు నేను చూస్తాలే."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒక్క మెడ ఎవరి కంటా పడకూడదని ఊరందరి మెడలకీ టేపు చుట్టిందన్నమాట మా పెద్దమ్మ!

"ఆయన సంగతి సరే," అంది ఆమె కాస్త సిగ్గుపడుతూ. "ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదక్కా. ఇన్నేళ్ళూ ఆ గురకకి అలవాటుపడ్డాను. ఇప్పుడు చప్పుడే లేదు. ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ లేచి చూసుకుంటున్నాను."

సాయంత్రం పెద్దమ్మని నిలదీశాను. "ఇదంతా ఆ ఒక్కడి కోసమా?"

"ఒక్కడేమిటి? డిపో మేనేజరు దొరకలేదూ?" అని మొహం పక్కకి తిప్పుకుంది. "ఆ కర్టెన్‌కి లోపల మందపాటి లైనింగ్ వెయ్యి. మరీ పల్చగా ఉంది. ఆ పిల్లని శనివారం క్లాసుకి రమ్మను."

శనివారం డ్రైవరు తన భార్యని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పెద్దమ్మ పాఠం ఎత్తుకుంది. కాసేపటికి ఆ అమ్మాయి తల మెల్లగా మొగుడి భుజం మీద వాలింది. అతను కంగారుపడి లేపబోయాడు. పెద్దమ్మ వద్దన్నట్టు తలూపి, గొంతు తగ్గించింది. హెడ్మాస్టరుగారు ఏదో అడగడానికి గొంతు సవరించుకోబోతే కళ్ళెర్రజేసింది. చెప్పులు విడిచి, పిల్లిలా నడుచుకుంటూ వెళ్ళి బోర్డు మీద రాయబోయింది. సుద్దముక్క కీచుమంది. దాన్నీ కింద పెట్టేసింది.

మిగతా పాఠమంతా చేతి సైగలతోనే చెప్పింది. మాకు సగం అర్థం కాలేదు. అయినా, కుర్చీ చప్పుడవుతుందని ఒక్కరం కూడా కదల్లేదు.