మాన్‌హైమ్‌లో నేను చుట్టిన ఆకులు

జర్మనీలో మా బిడ్డ ఉండే ఊరి పేరు మాన్‌హైమ్. ఊరి నడిబొడ్డున వీధులకు పేర్లుండవు. ఒక అక్షరం, ఒక అంకె, అంతే. అడ్రసు చెబుతుంటే బస్సులో సీటు నంబరు చెబుతున్నట్టు ఉంటుంది. పదో తరగతి చదివినదాన్ని, మూడో రోజుకే ఒక్కదాన్ని వెళ్లి పాలు, ఉల్లిగడ్డలు తెచ్చాను. తప్పిపోతానని బిడ్డ ఒకటే ఫోన్లు. "కోరుట్ల అంగట్లనే తప్పిపోలే, ఈడ తప్పిపోతనా?" అన్నాను.

నేను వెళ్లింది మార్చి మొదట్లో. మా దగ్గర అప్పటికే నెత్తిన కొంగు కప్పుకోనిదే బయటికి పోలేం. అక్కడ చెట్లకు ఇంకా ఒక్క ఆకు లేదు గానీ, గడ్డిలో ఊదారంగు పూలు మాత్రం నేలలోంచే తన్నుకొచ్చాయి. ఒక్క పూట ఎండ కాసిందా, జనమంతా హోటళ్ల ముందు కుర్చీలేసుకుని, కాళ్లమీద దుప్పట్లు కప్పుకుని, కళ్లు మూసుకుని ఎండకు మొహాలు పెడతారు. వడియాలు ఎండబెట్టినట్టే! నాకు నవ్వు ఆగలేదు. నాలుగు రోజులు పోయాక నేనూ వాళ్ల పక్కనే కూర్చున్నాను. హాయిగానే ఉంది.

నాకు కష్టమైంది చలి కాదు, ఊరికే ఉండటం. పుట్టింది సిరిసిల్లలో, బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య. పెళ్లై కోరుట్ల వచ్చిన నెలకే మా అత్త బీడీల చాట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అప్పటినుంచి ముప్పై ఏళ్లు బీడీలు చేశాను. తునికాకు తడపడం, కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. రోజుకు వెయ్యి. మాట్లాడుకుంటూ చేశాను, తిట్టుకుంటూ చేశాను, ఏడ్చుకుంటూ కూడా చేశాను. బిడ్డ జగిత్యాలలో చదివిందన్నా, ఆ దేశం వెళ్లిందన్నా ఆ చాట పుణ్యమే.

మా కింది వాటాలో టర్కీ దేశపు ఆమె ఉంటుంది. అరవై దాటిన మనిషి. మా బిడ్డకు జ్వరమొస్తే రెండు పూటలా చారు కాచి తెచ్చిచ్చిన తల్లి. మెట్లమీద మొదటిసారి కలిసినప్పుడు బిడ్డ నన్ను చూపించి జర్మన్‌లో ఏదో చెప్పింది. ఆమె కళ్లు పెద్దవి చేసి, నా కొంగు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఏం చెప్పినవే ఆమెకు?" అని ఇంట్లోకి రాగానే అడిగాను.

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే నా కొంగెందుకు గుంజి చూసింది?"

"నీకు సిరిసిల్లల బట్టల వ్యాపారం ఉన్నదని చెప్పిన."

"ఓయమ్మో! నన్ను సేటమ్మను ఎప్పుడు చేసినవే నువ్వు?"

"బీడీలంటే ఇక్కడోళ్లకు సమజ్ కాదమ్మా. ఊకో."

సమజ్ కాక కాదు, నామోషీ. నాకు తెలుసు. జగిత్యాల హాస్టల్లో నేను పంపిన దుప్పటికి తంబాకు వాసనని తోటిపిల్లలు ముక్కులు మూసుకున్నారట. మూడుసార్లు ఉతికినా పోలేదు. చివరికి అది కప్పుకోకుండానే చలికాలం వెళ్లదీసింది. అది తలుచుకుని నోరు మూసుకున్నాను గానీ, ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్ల నా పని దాచిపెట్టాల్సిన దొంగసొమ్మా? ఆ పూట అలిగి అన్నం ముట్టలేదు. మరునాడు ఆకలికి రెండింతలు తిన్నాను, అది వేరే సంగతి.

తర్వాతి శనివారం పొద్దున ఆ టర్కీ ఆమె చేతికి కట్టుతో మా తలుపు తట్టింది. బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు బెణికిందట. మరునాడే మనవరాలి నిశ్చితార్థం, అరవై మంది చుట్టాలు. ద్రాక్షాకుల్లో బియ్యం, మసాలా పెట్టి చుట్టి ఉడికించే వంటకం ఒకటుంది వాళ్లకు. అది లేనిదే శుభకార్యం కాదు. చుట్టలన్నీ చిటికెన వేలంత సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. పిల్లవాడి తల్లి ముందు చూసేది వాటినేనట. లావుగా ఉంటే ఆ ఇంటి ఆడవాళ్లకు పని రాదని ముద్ర. సాయానికి వచ్చిన ఆడపడుచు, కోడలు చేసినవి బొటనవేలిని మించి ఉన్నాయని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె పిలవడానికి వచ్చింది మా బిడ్డను. నేను సేటమ్మను కదా, నన్నెవరు పిలుస్తారు!

ఆకు చుట్టడమని బిడ్డ చెప్పడమే ఆలస్యం, నేను చెప్పులేసుకున్నాను.

"అమ్మా, నువ్వొద్దు," అంది బిడ్డ గాభరాగా.

"ఎందుకొద్దు? దొరికిపోతననా? ఆమె చెయ్యి బెణికింది, నీ ఇజ్జత్ బెణకలే. నడువ్."

వాళ్ల వంటింట్లో ఉప్పునీళ్లలో నానిన ఆకులు గుట్టగా ఉన్నాయి. తడి ఆకు వేళ్లకు తగలగానే ప్రాణం లేచొచ్చింది. కత్తెర అడిగి తొడిమలు తీసేశాను. చకచకా పది చుట్టేశాను, బిగించి, మూలనుంచి, ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా. మూతి మడిచి, "దారమేదే?" అని అడిగేశాను కూడా! ఆడపడుచు పగలబడి నవ్వింది. నేను చుట్టినదాన్ని పెదాల మధ్య పెట్టుకుని పొగ వదిలినట్టు చేసి చూపించింది. మా బిడ్డ మొహం మాడిపోయింది.

అంతటితో అయిందా? చూద్దామని నావి పదీ చిన్న గిన్నెలో ఉడికిస్తే, పదీ పగిలి మెతుకులు బయటపడ్డాయి. తంబాకు ఉబ్బదు, బియ్యం ఉబ్బుతుంది. ఇంతమాత్రం తట్టలేదు నా బుర్రకు. తల కొట్టేసినట్టయింది.

"పోదాం పా అమ్మా," అంది బిడ్డ మెల్లగా.

"చెడగొట్టి లేచిపోయే అలవాటు లేదు నాకు. కూసో."

ఈసారి బియ్యం తగ్గించాను. మూలనుంచి కాకుండా నేరుగా చుట్టాను. రెండు పక్కలా లోపలికి మడిచి, ఉబ్బడానికి వీలుగా కొంచెం వదులు వదిలాను. మూడు ఉడికించి చూశాం. ఒక్కటీ పగల్లేదు. మూడూ చిటికెన వేలంతే. ఇంటావిడ ఒకటి తిని, మంచి చేత్తో నా వీపు మీద ఒక్కటి చరిచింది.

ఇక చూసుకోండి నా సంగతి! కిటికీలోంచి ఎండకు కూర్చున్న జనాన్ని చూస్తూ చుట్టాను. చేతుల వంక చూసే పనే లేదు. ఒక పళ్లెం నిండింది, ఇంకో పళ్లెం నిండింది. నవ్విన ఆడపడుచు తన పని ఆపి నా వేళ్లనే చూస్తూ, చివరికి ఫోన్ తీసి వీడియో పట్టుకుంది. మధ్యాహ్నానికి నాలుగు వందలు. ఏ రెండు పక్కపక్కన పెట్టినా తేడా చెప్పలేరు. ఇంటావిడ నన్ను అబ్లా, అబ్లా అంటోంది. వాళ్ల భాషలో అక్క అని బిడ్డ చెప్పింది. వయసులో తనే పెద్దదైనా, గౌరవానికి అలాగే అంటారట.

ఆదివారం నిశ్చితార్థానికి మమ్మల్నీ పిలిచారు. పిల్లవాడి తల్లి వచ్చింది. పొడుగాటి మనిషి, కళ్లద్దాలు. పళ్లెంలోంచి ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టి చూసింది. తర్వాత నోట్లో వేసుకుంది. ఇంటావిడ ఆమె నోటినే చూస్తూ నిలబడింది. ఆమె నమిలి, మింగి, ఎవరు చుట్టారని అడిగింది. ఇంటావిడ తనే అని చెప్పుకోవచ్చు. చెప్పలేదు. కట్టుకట్టిన చెయ్యి ఎత్తి నన్ను చూపించింది.

పిల్లవాడి తల్లి నా ముందుకొచ్చి, బిడ్డను జర్మన్‌లో ఏదో అడిగింది. గదిలో అందరూ మా వైపే చూస్తున్నారు.

"ఏమంటుందే?"

"ఇంత మంచిగ ఎక్కడ నేర్చుకున్నదని అడుగుతుంది."

"నీ ఇష్టం బిడ్డా," అన్నాను. "బట్టల దుకాణంల నేర్చుకున్నదని చెప్పు." కోపంతోనే అన్నాను, అబద్ధమెందుకు.

బిడ్డ నా చేతుల వైపు చూసింది. తర్వాత తల ఎత్తి మొదలుపెట్టింది. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. కానీ అందులో కోరుట్ల వినబడింది. ఆ వెంటనే బీడీ అన్న మాట వినబడింది. ఎన్నడూ చాట ఒళ్లో పెట్టుకోని పిల్ల, రెండు చేతులూ ముందుకు చాపి, ఆకు పట్టడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం అచ్చం నేను చేసినట్టే చేసి చూపించింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇంకేదో అంది. పిల్లవాడి తల్లి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పెళ్లికూతురు కాబోయే పిల్ల వచ్చి నా చెయ్యి ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

"ఏందే బిడ్డా, ఏం చెప్పినవ్? మళ్లొక్కసారి చెప్పు, సరిగ్గ ఇనబడలే," అన్నాను.

బాగానే వినబడింది నాకు. బిడ్డకూ ఆ సంగతి తెలుసు. కళ్లు తుడుచుకుని నవ్వి, ఈసారి వెనక గదిలో ఉన్నవాళ్లక్కూడా వినబడేటంత గట్టిగా చెప్పింది.