మందు డబ్బాలో మంచినీళ్లు

మా నాలుగేళ్ల అమ్మాయి కూలీల వరసలో చివర కూర్చుని, వాళ్లలాగే తల వెనక్కి వంచి నోరు తెరిచింది. నేను నీళ్ల డబ్బా ఎత్తాను. అప్పుడు తగిలింది వాసన. తోటకు కొట్టే పురుగుమందు వాసన, తాగే నీళ్లలోంచి.

మిరపకాయలు కోసేవాళ్లు ఆ చేతులతో మూతి ముట్టుకోలేరు, మంట. అందుకే చేతులు శుభ్రంగా ఉన్నవాళ్లెవరో ఒకరు అందరి నోట్లో పైనుంచి నీళ్లు పోస్తారు. పెనుబల్లి అవతల, అడవి అంచున ఉన్న మా చేలో ఆ రోజు ఆ పని నాది. అప్పటికే ఏడుగురు ఆడవాళ్లకు పోశాను.

అరచేత్తో మా అమ్మాయి నోరు మూసేశాను.

"ఇది మందు డబ్బానా?"

"అవ్ కోడలమ్మా, పోయినేడు మీ ఆయనే ఇచ్చిండు," అంది గూడెం నుంచి వచ్చిన కూలీ. ఆ తెల్ల డబ్బా కోసం ఇద్దరితో పోట్లాడిందట. "బూడిదేసి మూడుసార్లు తోమిన. కుండైతే పగులుతది. ఇదైతే చంటిపిల్ల లెక్క చంకల కూసుంటది."

అందరూ నవ్వారు.

"తాగొద్దు. విషం."

"మందు పంపులు కడిగే వాగుల నీళ్లు గూడ గదే వాసన. ఇంక యాడ తాగమంటవ్?"

డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నేను డబ్బాకు మూత బిగించాను.

ఇంటికి రాగానే, రేపు చేనుకు ఇత్తడి బిందెతో నీళ్లు పంపుదామన్నాను. అత్తగారు చేటలోంచి తల ఎత్తలేదు.

"మన బిందె కూలోళ్ల కాడికా? విషం గిషం అని ఊళ్లె అన్నవనుకో, రేపు ఒక్కతి రాదు. కాయంత చెట్టుకే ఎండుతది."

భోజనాల దగ్గర మా ఆయన ఖమ్మం మిర్చి యార్డు కబురు చెప్పారు. విదేశాలకు పోయే కాయకు మందు వాసన ఉండకూడదట, బస్తా విప్పి మరీ చూస్తారట. అందుకే మా చేలో పది రోజులుగా మందు ఆపారట.

"మరి ఆ డబ్బాల్లో నీళ్లు?"

"కాయ సంగతి చెప్తుంటే డబ్బాలేంది నడుమ?"

బిందె చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు.

పొద్దున చేనుకు బయలుదేరే ముందు మా అమ్మాయికీ, దాని అన్నకీ ఆ బిందెలోంచే గ్లాసులు నింపి తాగించాను. "చేలో ఎవరు నీళ్లు పోసినా నోరు తెరవొద్దు," అన్నాను.

"నువ్వు పోస్తేనో?" అంది మా అమ్మాయి.

"నేను పోసినా తెరవొద్దు."