శనగచేలో పరిచిన మంచు

ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం ఒకటుండేది: లెక్క వేస్తే తేలనిదంటూ లేదని. పంతొమ్మిదేళ్ల మూడు నెలల వయసులో (వయసును నెలలతో సహా చెప్పడం నాకు అలవాటు) జగ్గయ్యపేటలో లెక్కల టీచరుగా చేరి, ఊరి బయట మావయ్య ఇంట్లో ఉండేదాన్ని. ఆ ధనుర్మాసంలో ఏదో జంతువు మావయ్య శనగచేను మేసిపోతోంది. "నందిగామ నుంచి తుపాకీ తెప్పించా. అసలెన్నొస్తున్నాయో తేల్చండి," అని నాకూ, జాడల తాతకూ పని అప్పజెప్పాడు. తాత మేకలు కాస్తాడు. అడుగు చూస్తే చాలు, జంతువు వయసు కూడా చెబుతాడని పేరు.

చలిదేశాల్లో మంచు మీద అడుగులు చూసుకుంటూ పెద్ద పెద్ద దుప్పులను వెతికి పట్టుకుంటారని ఎక్కడో చదివాను. మనకు అంత మంచు లేదు గానీ ముగ్గుపిండి ఉంది కదా! సాయంత్రం మూడు తట్టల పిండి మోయించి, చేని గట్టు మీద పదకొండు గజాల మేర ఎక్కడా ఖాళీ లేకుండా పరిచాను.

"ఏంది పాపా, చేనుకి పెళ్లా?" అన్నాడు తాత.

తెల్లవారి వెళ్తే పిండి మీద ఒక్క అడుగు లేదు. పక్కనే రెండు సాళ్ల శనగ మాత్రం నేలమట్టం! "మంద, తాతా! ముప్పైకి తక్కువుండవు," అంటూ స్కేలు తీశాను. తాత వంగి చూశాడు.

"మందే పాపా. చెప్పులేసుకున్న మంద."

పొద్దున్నే పాలకూ పనులకూ వెళ్లేవాళ్లంతా ముగ్గు తొక్కకూడదని, గట్టు దిగి చేలోంచి నడిచారు! స్కేలు మళ్లీ సంచిలోకి పోయింది.

"పిండి సంగతొదిలేయ్. ఆకు చూడు," అన్నాడు తాత. చేనంతా మంచుబొట్లతో బూడిదరంగులో ఉంది. దాని మధ్య ఒకటే పచ్చటి చార, కొండ వైపు. జంతువు ఒరుసుకుపోయిన చోట మంచు రాలిపోయిందన్నమాట. తాత అక్కడొక ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు. "రాలిన పులుపు మళ్లీ ఊరలా. జంతువు ఇప్పుడే పోయింది." (శనగాకు మీది మంచు పుల్లగా ఉంటుందని నాకు తెలుసు. అది గడియారంలా పనికొస్తుందని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.)

నూట నలభై అడుగులు నడిచాక తాత ఆగాడు. నాకు పొదలు తప్ప ఏమీ కనబడలేదు. "ఒళ్లు వెతక్కు, చెవి వెతుకు. ఒళ్లు ఆగుద్ది, చెవి ఆగదు," అని గొణిగాడు. వెతికాను. ఒక ఎండుటాకు కదిలింది. అది ఆకు కాదు, చెవి. ఆ చెవి వెంట మెడ, వీపు, దుప్పి కన్నా పెద్దదైన కణుజు, దాని కాళ్ల మధ్య తడబడుతూ పిల్ల. అంత పెద్ద జంతువు ఎదురుగా ఉండి కూడా, తాత చూపేదాకా నాకు లేనట్టే!

"నాలుగు రోజుల పిల్ల. ఈ పక్క నా మేకల మంద కడితే ఇంక రాదు. లెక్క మాత్రం నీదే, నువ్వే చెప్పు," అన్నాడు.

గట్టు దగ్గర మావయ్య తుపాకీతో నిలబడి ఉన్నాడు. "ఎన్నమ్మాయ్?"

"సున్నా, మావయ్యా. చేను తొక్కింది మనుషులు. నా ముగ్గు వల్ల."

మావయ్య కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "మరి మొన్నటిదాకా మేసిందెవరు?"

"ఈ పక్క మంద కడతా గదయ్యా, ఇంకేదీ రాదులే," అన్నాడు తాత, ఎటో చూస్తూ.

తుపాకీ సాయంత్రం బస్సులో నందిగామ వెళ్లిపోయింది. కణుజు మళ్లీ రాలేదు. నేను బదిలీ అయ్యేదాకా 'ముగ్గు టీచరు'గానే మిగిలాను.

ఇప్పటికీ ఏటా నా పాత డైరీలు తీసి, ఎర్రపెన్నుతో తప్పులు దిద్దుకుంటాను. ఆ రోజు పేజీలో 'జంతువులు: 0' అని ఉంటుంది. పెన్ను దానిదాకా వెళ్తుంది. ఎక్కడో ఒక చెవి కదులుతుంది. పేజీ తిప్పేస్తాను.