చిలక బొమ్మ ఉన్న టిఫిన్ డబ్బా

మొన్న మా అమ్మాయి కంప్యూటర్‌లో మెక్సికో దేశపు పాత పుస్తకం పేజీ ఒకటి చూపించింది. స్పెయిన్ వాళ్లు ఏలుతున్న రోజుల్లో అక్కడి నాహువాట్ల్ మాట్లాడే జనం బొమ్మలతో రాసుకున్న ఊరి లెక్కట. మగవాళ్ల తలల పక్కన పేరుకొక బొమ్మ ఉంది, ఒకడికి గద్ద, ఒకడికి పాము. ఆడవాళ్లకు జుట్టుముడి తప్ప ఏమీ లేదు. వీళ్ల పేర్లేవని అడిగాను. "అక్షరాల్లో రాసిన లెక్కల్లో అయితే చాలామందివి పెద్దది, నడిపిది, చిన్నది అనే ఉంటాయి నాన్నా," అంది. తాగుతున్న కాఫీ వెగటు కొట్టింది. ఆ లెక్క రాసినవాడెవడో నాకు బాగా తెలిసినవాడే అనిపించింది.

2004లో నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో హాజరు గుమాస్తాని. మిషన్ల నూనె, కొత్త గుడ్డ గంజి, పక్క గ్యారేజీ డీజిల్ కలిసిన వాసన మధ్యాహ్నానికల్లా షెడ్డంతా నిండేది. నాకు మాత్రం ఏసీ గది, మెడకు టై, డిగ్రీ చదివానన్న గీర. మగవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా రాసేవాణ్ణి. కడప వైపు నుంచి వచ్చి దారాలు కత్తిరించే ఆడవాళ్లు ముగ్గురే. వాళ్ల పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలో ఉన్నాయి. "బడీ, బీచ్‌వాలీ, ఛోటీ లిఖో, ఖలాస్," అన్నాడు మేం ముదీర్ అని పిలిచే మేనేజరు. నేను దాన్ని శ్రద్ధగా తెలుగు చేసి పెద్దది, నడిపిది, చిన్నది అని రాసుకున్నాను. అడిగితే పేర్లు చెప్పేవాళ్లే. అడగలేదు.

వాళ్లకు చదువు లేదు. అన్నం డబ్బాలు మారిపోకుండా మూతల మీద ఎర్ర గోళ్లరంగుతో బొమ్మలు వేసుకున్నారు. ఒకదాని మీద మల్లెపూవు, ఒకదాని మీద చందమామ, నడిపిదాని డబ్బా మీద చిలక. అవి నా బల్ల పక్క అరలోనే ఉండేవి. "దుబాయ్ ఎండకి చిలక కూడా ఎర్రబడిందే," అని ఒకసారి పరాచికమాడాను. ఆమె నవ్వింది.

ఒక వారంలో మూడుసార్లు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "చిలకమ్మ వాళ్లన్నను సార్, ఎస్టీడీ బూత్ నించి. మాయమ్మకు బాగలేదు. దాని గొంతు వినాలంటాండాది, రోంత పిలుచ్చారా?" పుస్తకం తిరగేసి, ఆ పేరుగల మనిషి మా దగ్గర లేదన్నాను. మూడోసారి విసుక్కున్నాను కూడా. లేచి వెళ్లి ఆ ముగ్గురినీ అడిగితే సరిపోయేది. నా మోచేతి పక్కనే చిలక డబ్బా ఉంది.

నెల తర్వాత, సెలవు మీద వెళ్లొచ్చిన వాళ్ల ఊరతను తల్లి పోయిందని నడిపిదానికి చెప్పాడు. ఫోన్ల సంగతీ చెప్పాడు. ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఏడవలేదు.

"నా పేరు ఏమని రాసుకుంటివన్నా?"

చదివి వినిపించాను. ఆమె అరలోంచి డబ్బా తీసి నా ముందు పెట్టి, చిలక మీద వేలు ఆనించింది.

"నేను రాసే పెట్టినా కదన్నా."

సంగతి చెబితే ముదీర్, "మాఫీ ముష్కిల్, అబ్ నామ్ లిఖో," అని, ఏం పర్లేదన్నట్టు చెయ్యి ఊపి, చాయ్ తాగడంలో పడ్డాడు. ఆ మనిషిని చూస్తే ఒళ్లంతా అసహ్యం పుట్టింది. కానీ ఆయనకు తెలుగు రాదు. నాకు వచ్చు.

నడిపిది అన్నది కొట్టేసి చిలకమ్మ అని రాయడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం ఒక్క నెల ముందు నాకు దొరికి ఉంటే, ఒక తల్లి కూతురి గొంతు విని పోయేది.