అక్క చేతి నీలం

బళ్ళారిలో మా వీధి ఆడవాళ్ళను ఏం పని చేస్తారని ఎవరూ అడగరు. చేతులు చూస్తే చాలు. జీన్స్ ప్యాంట్లు కుట్టీ కుట్టీ కొత్త బట్ట రంగు మోచేతుల దాకా అంటుకుని ఉంటుంది. అక్కా నేనూ ఒకే గదిలో పక్కపక్క మిషన్ల మీద కుట్టేవాళ్ళం. "నాకు గోరింటాకు ఖర్చు లేదుమే" అని అక్క తన నీలి గోళ్ళు చూపించి నవ్వేది.

మిషన్ తొక్కి తొక్కి అక్కకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని రోజూ మింగేది, ఒక్కోసారి పరగడుపునే. అది చాలదన్నట్టు కంప్లి నుంచి వచ్చిన మా పిన్ని ఒక డబ్బా ఇచ్చింది. వెల్లుల్లి, పసుపు సారం నింపిన క్యాప్సూళ్ళు.

"రెండూ కలిపి మింగొచ్చా? ఎవురినన్నా అడుగుదాంక్కా" అన్నాను.

"వెల్లుల్లి తినేదానికి డాక్టర్ని అడగాల్నా? దినామూ చారులో ఏస్తాండాం గదా!"

నొప్పి తగ్గింది. చాలా రోజుల తర్వాత కింద కూర్చుని బియ్యం ఏరుకుంది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. ఆ రోజు ఆమె ముఖం ఎంత బాగుందో!

తర్వాత ముంజేతుల మీద నీలి మచ్చలు ఎక్కువయ్యాయి. మా ఇంట్లో నీలం కనిపిస్తే రంగు కాక ఇంకేమనుకుంటాం? "ఈ తూరి బట్ట మంచిది గాదు, రంగు ఇడుస్తాండాది" అని అక్కే బట్టను తిట్టి, నిమ్మచెక్కతో రుద్దుకుంది. కడుపులో మంటను మిరపకాయ బజ్జీల మీదికి నెట్టింది. విరేచనం నల్లగా అవుతోందన్న సంగతి మాత్రం సిగ్గుపడి నాక్కూడా చెప్పలేదు.

ఒక పొద్దున కుడుతూ కుడుతూనే రక్తం కక్కుకుంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను.

ఏమేం మందులు వాడుతున్నావని డాక్టరమ్మ అడిగితే, "మోకాళ్ళకు ఒగ మాత్రేనమ్మా" అంది అక్క. దాచాలని కాదు, ఆ క్యాప్సూళ్ళు మందులని ఆమెకు తోచనే లేదు. డాక్టరమ్మ తడి దూదితో ముంజేతి మీది ఒక మచ్చ తుడిచి చూసింది. పోలేదు.

"ఇది రంగు కాదమ్మా, చర్మం కింద రక్తం. ఇంకేమన్నా తింటోందా?"

అప్పుడు డబ్బా సంగతి చెప్పాను. నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తాయనీ, రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవనీ ఆమె చెప్పింది. చారులో వేసే వెల్లుల్లి వేరు, ఈ సారం వేరట. అదీ రక్తాన్ని పల్చన చేస్తుందట. రెండూ కలిస్తే కారే రక్తం ఆగడం కష్టమట.

రక్తం ఎక్కించారు. లోపల కారేది మాత్రం ఆగలేదు. అక్క పోయింది. పిన్ని మీద కోపం వచ్చింది, కానీ నాకంటే ఎక్కువ ఏడుస్తున్న మనిషిని ఏమనగలను?

ఇంటి ముందు అక్కకు స్నానం చేయించేటప్పుడు పెద్దమ్మ సబ్బు తీసుకుని చేతులు రుద్దసాగింది. "బతికినన్నాళ్ళూ రంగులోనే బతికె, పోయేటప్పుడన్నా శుభ్రంగా పోనీ" అంది. వేళ్ళ నీలం కొంచెం వదిలింది. ముంజేతిది వదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దింది.

నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"రుద్దొద్దు పెద్దమ్మా, అక్కకు నొప్పి పుడతాది."