బొటనవేలు లేకుండా తెనాలి నుంచి రేపల్లె మీదుగా

అరవైల చివరి మాట. ఎడ్లబండి చక్రం ఎక్కి నా కుడికాలి బొటనవేలు, పక్క వేలు పోయాయి. తెనాలి ఆస్పత్రిలో నెల రోజులున్నాను. చూడ్డానికొచ్చిన అన్నయ్య మంచం పక్కన నిలబడి, "ఇక గట్టు మీద నిలవలేవురా. నీ రెండెకరాలు కౌలుకిచ్చేద్దాం. శనివారం మనిషిని పొలానికి రమ్మన్నా," అన్నాడు. తడి గట్టు మీద బొటనవేలు గుచ్చి నడవడం మా వైపు అలవాటు. ఆ వేలే లేదు. నాకు మాటలు తక్కువ. మా ఊరు బాపట్లకి ఇవతల. రైలెక్కితే పూటలో ఇల్లు. రోడ్డున నడిచినా అన్నయ్య లెక్కలోకి తీసుకోడు. అందుకని రేపల్లె మీదుగా చుట్టుదారి పెట్టుకున్నాను. రెండు రోజులు కాలవ గట్టు, ఒక రోజు వరిచేలు, తర్వాత ఒక రోజు ఇసుక నేల. మందుల చీటీ వెనక ఊళ్ళ పేర్లు రాసుకున్నాను.

మంగళవారం పొద్దున్నే ఐదున్నరకి స్టేషను దగ్గర టిఫిను. ఇడ్లీ, కాఫీ కలిపి ముప్ఫై పైసలు. "ఎందాకన్నా?" అన్నాడు వడ్డించేవాడు. బాపట్ల అన్నాను. "రైలు తొమ్మిదింటికి," అన్నాడు.

"నడుస్తా."

నా కాలి కట్టు చూశాడు. "అయితే ఇంకో ఇడ్లీ తినన్నా," అని ఊరికే వేశాడు.

కాలవ గట్టు బండి పట్టేంత వెడల్పు, ఇబ్బంది లేదు. ఆ రాత్రి వేమూరులో ఒక మిల్లు అరుగు మీద పడుకుని, మర్నాడు సాయంత్రానికి రేపల్లె చేరాను. మూడో రోజు చెరుకుపల్లి వైపు చేలకి అడ్డం పడ్డాను. ముందురోజు వాన. జానెడు గట్టు, నల్లమట్టి. పది అడుగుల్లో మూడుసార్లు పడ్డాను. కొత్త చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళలో పెద్దావిడ నడుం ఎత్తి, "ఏవయ్యా, మా నాట్లన్నీ పడుకోబెడతావా?" అంది.

"వేళ్ళు లేవమ్మా."

ఆమె నా కాలు చూసింది. "మేం పొద్దస్తమానం బురదలో వెనక్కే నడుస్తాం. మాకు వేళ్ళతో ఏం పని నాయనా? పాదం అడ్డంగా పెట్టు. మడమ గుచ్చు."

గుచ్చాను. నిలిచాను. "పెళ్ళికూతురి నడక," అంది వెనకనుంచి ఒకామె. అననీ. మళ్ళీ పడలేదు.

శుక్రవారం ఇసుక నేల దాటాను. శనివారం పది గంటలకి అన్నయ్య, కౌలుకి వచ్చినాయన మా పొలం పక్కన రోడ్డు మీద నిలబడి ఉన్నారు. నేను రోడ్డున రాలేదు. అవతలి చేల మీదుగా, గట్టు వెంట వచ్చాను. కౌలుకి వచ్చినాయన నన్నే చూసి, "నడుస్తున్నాడు కదండీ, మరి నన్నెందుకు రమ్మన్నారు?" అన్నాడు. అన్నయ్య నా వైపు తిరిగి, "రైలెక్కలేదేంట్రా?" అన్నాడు. నేను గట్టు మీదున్న పార అందుకుని, గట్టు చివరికి పోయి చేలోకి నీళ్ళు వదిలాను.

తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆ రెండెకరాలూ నేనే చేశాను. నడవలేవని చెప్పినవాళ్ళు ఎవరూ నా కాలితో నడిచి చూడలేదు. నేను చూశాను. మీరూ ఆ దారిన వెళ్ళాలనుకుంటే రోజుకి పది మైళ్ళు మించి పెట్టుకోకండి. రేపల్లె దాటాక చెప్పులు చేత పట్టుకుని, ముందు మడమ దించండి.